భుజం మీద నాలుగు వేళ్ళు

మా తెలుగు సంఘం హాల్లో, వేదికకు ఎడమ పక్క గోడ మీద, తొమ్మిది మంది ఆడవాళ్ళు వరసగా నిలబడ్డ పెద్ద ఫోటో ఒకటుంది. ముప్పై అంగుళాల వెడల్పు, ఇరవై నాలుగు అంగుళాల ఎత్తు. దగ్గరికి వెళితే చీరల జరీ పోగులు విడివిడిగా కనిపిస్తాయి. ఒకావిడ ముక్కుపుడకలో ఆకాశం తెల్లటి చుక్కలా మెరుస్తుంది. రాయపూర్‌లో ఇంత బాగా ఎవరు వేశారని బయటివాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. ఆ ఫోటో తీసింది నేను, అచ్చు వేయించింది నేను. అక్కడ నిలబడ్డది పది మంది. పదో మనిషిని తీసేసింది కూడా నేనే.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. తర్వాతి చదువంతా నేను గ్రంథాలయంలో కూర్చుని సంపాదించుకున్నదే. అక్కడ తెలుగు పుస్తకాలు రెండు అరలే ఉండేవి, అవి ఏడాదిలో అయిపోయాయి. ఆ తర్వాత హిందీ. ఆ తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. మొదట్లో ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టేది. స్టీలు వ్యాపారం చేసే ఒక ఆఫీసులో టైపు పని చేస్తూ, సాయంత్రం ఐదున్నరకల్లా గ్రంథాలయం మెట్ల మీద ఉండేదాన్ని. కాలేజీకి వెళ్ళినవాళ్ళకు తెలియని సంగతి ఒకటి నాకు తెలిస్తే ఆ రోజు నడక కూడా మారిపోయేది. ఈ గర్వం సంగతి ముందే చెప్పుకోవాలి. జరిగినదంతా దానివల్లే జరిగింది.

కొత్త శతాబ్దంలో మొదటి పదేళ్ళు ముగుస్తున్న రోజులవి. ఆఫీసులో ఒకాయన అమ్ముతానంటే పాత డిజిటల్ కెమెరా కొన్నాను. పన్నెండు మెగాపిక్సెళ్ళది, లెన్సు మార్చుకునే రకం. గ్రంథాలయంలో ఫోటోగ్రఫీ మీద మూడే పుస్తకాలుండేవి. వాటిని తిరిగిచ్చేసి మళ్ళీ అప్పుడే తీసుకునేదాన్ని. మూడింటిలో ఒకటి పెద్ద ప్రింట్ల గురించే. తెరమీద బాగున్న బొమ్మ కాగితం మీద ఎందుకు నల్లబడుతుందో, అంగుళానికి ఎన్ని చుక్కలుంటే కంటికి నునుపుగా కనిపిస్తుందో, అంచులు తేటగా కనిపించేలా బొమ్మకు పదును ఎప్పుడు పెట్టాలో అందులో ఉంది. దాన్ని దాదాపు కంఠస్థం చేశాను. మొదటి అధ్యాయం తప్ప. మొదటి అధ్యాయాల్లో ఎప్పుడూ తెలిసిన విషయాలే ఉంటాయని నా నమ్మకం.

ఆ ఏడాది సంఘం హాలుకు కొత్త గచ్చు, కొత్త రంగులు వేశారు. ఎవరో రిటైరైన పెద్దాయన చెక్కడం పనిచేసిన టేకు ఫ్రేము ఒకటి అద్దంతో సహా బహూకరించాడు. అందరూ ఫోటోకు ఫ్రేము కట్టిస్తారు, మావాళ్ళు ఫ్రేముకు ఫోటో వెతికారు. చివరకు సంఘం కార్యదర్శి మామయ్య ఒక మాటన్నాడు. "ఏటా శ్రీరామ నవమికి అంతమందికి వండి పెడతారు గదా మన ఆడవాళ్ళు. వాళ్ళదే పెడదాం. మన పిల్ల దగ్గర కెమెరా ఉంది, బఢియా తీస్తాది."

మన పిల్ల అంటే నేను. నాకు ముప్పై దాటాయి, అయినా పిల్లనే.

వండేది పది మంది. వాళ్ళలో అందరికంటే పెద్దది మా రైల్వే క్వార్టర్ల వరసలో చివరి ఇంట్లో ఉండే పెద్దమ్మ. మాకు చుట్టం కాదు, పిలుపే పెద్దమ్మ. భర్త డ్యూటీలో చనిపోతే రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేరి, ఒక్కతే బతుకుతోంది. నవమికి పులిహోర ఆవిడ చేతిదే కావాలి అందరికీ. కానీ కళ్యాణం జరుగుతున్నంతసేపూ ఆవిడ వేదిక దగ్గరికి రాదు. ఎవరూ రావద్దనరు, ఎవరూ రమ్మనరు. ఆవిడే హాలు వెనక పొయ్యి దగ్గర ఉండిపోతుంది. వంటకు పనికొచ్చిన చేతులు తలంబ్రాల దగ్గర పనికిరాకపోవడం మా అందరికీ మామూలు విషయం.

ఆ నవమి రోజు ఫోటో కోసం హాలు ముందు ఆడవాళ్ళు వరస కట్టారు. పెద్దమ్మ దూరంగా గిన్నెలు బోర్లిస్తోంది.

"పెద్దమ్మా, మీరూ రండి," అన్నాను.

"నానెందుకే? అందరూ ముత్తయిదులు నిలబడ్డారు. మీరు దిగండి."

వరస చివర్లో ఆవపిండి రంగు చీర కట్టుకున్న వదిన ఒకావిడ ఉండేది. నోరు పెద్దది, మనసు మంచిది. "ఓలమ్మ, రమ్మంటే రావేటి? నీ పులిహోర తింతారు, నీ మొకం సూడరేటి?" అని ఆవిడే వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. పెద్దమ్మ ఆ వదిన పక్కనే, ఎడమ కొసన నిలబడింది. నిలబడడం కొత్త అన్నట్టు ఒక చెయ్యి వదిన భుజం మీద వేసింది. నేను నొక్కాను.

ఆ తర్వాత పదిహేను రోజులూ నేను ఎదురైతే చాలు, ఆవిడ అదే అడిగేది. "ఏటే పిల్లా, నానొచ్చినానా అందులో?" ఒకసారి, "కళ్ళు మూసీలేదు గదా?" ఇంకోసారి, "ఎప్పుడు తగిలిస్తారు? ఆ రోజుకి నాను డ్యూటీ మార్పించుకోవాల." ఆవిడ ఇంట్లో గోడ మీద భర్త ఫోటో, దేవుడి క్యాలెండరు తప్ప ఏమీ ఉండేవి కావు. తన ముఖం గోడమీద ఉండడం ఆవిడ ఎప్పుడూ చూసుకోలేదు. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

బొమ్మను దేవేంద్ర నగర్‌లో ఒక కలర్ ల్యాబుకు తీసుకెళ్ళాను. అక్కడ మెషీను మీద కూర్చునే అతను తెరమీద చూసి కొలతలు అడిగాడు. కెమెరా ఇచ్చిన బొమ్మ పొడుగాటిది. ఇరవై నాలుగు అంగుళాల ఎత్తుకు పెంచితే వెడల్పు ముప్పై ఆరు వస్తుంది. మా ఫ్రేము ముప్పై.

"మేడమ్, సైడ్ కటేగా," అన్నాడతను. "ఊపర్ నీచే సఫేద్ ఛోడ్ దూఁ? సబ్ ఆ జాయేంగే." పక్కలు తెగుతాయి, పైనా కిందా తెల్లగా వదిలేస్తే అందరూ పడతారని.

లెక్క సరైనదే. పైన రెండు, కింద రెండు అంగుళాలు తెల్ల కాగితం వదిలితే సరిపోయేది. కానీ నేను చదివిన పుస్తకంలో ఫ్రేమును బొమ్మతో నింపాలని ఉంది. తెల్ల పట్టీలు ఉంటే మిఠాయి కొట్టు క్యాలెండరులా ఉంటుందని నాకు అనిపించింది. పైగా అతను బడి మానేసి మెషీను నేర్చుకున్న మనిషి. నాకు చెప్పడమేమిటి?

"నహీఁ భయ్యా, పూరా ఫ్రేమ్ భర్నా హై," అన్నాను.

కోత మొత్తం ఒక పక్కనే పడేలా జరిపి, అతను వేలితో తెర ఎడమ అంచు చూపించాడు. "ఏక్ ఆంటీ కట్ జాయేంగీ."

"ఠీక్ హై," అన్నాను.

ఒక ఆంటీ తెగిపోతుంది అన్నాడు, పరవాలేదు అన్నాను. ఆ సంభాషణ అంతే. ఇంటికొచ్చి దానికి ఎన్ని సమర్థనలు కట్టుకున్నానో. కుడి కొసన అధ్యక్షుడి భార్య పట్టుచీరతో నిలబడి ఉంది. రెండు పక్కలా మూడేసి అంగుళాలు కోస్తే ఆవిడా సగం తెగుతుంది. ఎడమ పక్కనే ఆరు కోస్తే ఖాళీ జాగా, పెద్దమ్మ, రెండూ కలిసి శుభ్రంగా పోతాయి. ఎడమవైపు బరువు ఎక్కువైంది, బొమ్మలో సమతూకం కావాలి అని పుస్తకం మాటలు నాకు నేను చెప్పుకున్నాను. ఎవరిని తీసేస్తే ఎవరూ అడగరో నాకు తెలుసు. సమతూకం అనేది దానికి నేను వేసిన ముసుగు.

ఆ తర్వాత చేసిన పని మాత్రం శ్రద్ధగా చేశాను. అలా చెప్పుకోవడానికి కూడా ఇప్పుడు ముఖం చెల్లదు. అంగుళానికి నూట ఇరవై చుక్కలకు మించి రావడం లేదు, పుస్తకం మూడు వందలు కావాలంది. అందుకని బొమ్మను ఒకేసారి కాకుండా పదేసి శాతం చొప్పున మెట్లు మెట్లుగా పెంచాను. నీడల్లో ఇసుకలా కనిపించే రవ్వలు తగ్గించాను. ఒక్కొక్క ముఖం దగ్గరికి జరిపి కనురెప్పల దాకా చూశాను. అన్నీ అయ్యాక చివర్లో పదును పెట్టాను. పూర్తయిన బొమ్మను పాతదాని మీదే భద్రపరిచాను. కంప్యూటరులో చోటు తక్కువ, పని అయిపోయింది కదా అని కెమెరా కార్డు కూడా ఖాళీ చేశాను. అసలు ఫైలును ముట్టుకోకూడదని, దాన్ని వేరే దాచి నకలు మీదే పని చెయ్యాలని ఆ పుస్తకంలోనే ఉంది. మొదటి అధ్యాయంలో.

ల్యాబులో ముందు చిన్న ముక్క అచ్చు వేయించి ముఖాల రంగు సరిచూసుకున్నాను. అంచులు చూడలేదు.

ఫోటో తగిలించిన రోజు ఆదివారం. కార్యదర్శి మామయ్య ముసుగు గుడ్డ లాగగానే హాలంతా ఒక్కసారి "అబ్బ" అంది. నా ఒళ్ళు గాలిలో తేలింది. ఆడవాళ్ళు అద్దం దగ్గరికి వెళ్ళి ఎవరికి వారు వెతుక్కున్నారు. "నా గాజులు సూడు, లెక్కెట్టొచ్చు." "ఓలమ్మ, నానింత లావా?" "మస్త్ వచ్చిందే." పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకొచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని అందరి వెనకాలా నిలబడి, ఎడమ కొస నుంచి మొదలుపెట్టి చూసింది. కుడి కొస దాకా వెళ్ళింది. మళ్ళీ ఎడమ కొసకు వచ్చింది.

అప్పుడే కార్యదర్శి మామయ్య అద్దం మీద వేలు పెట్టాడు. "అరే, యే కిస్కా హాథ్ హై? ఈ సెయ్యెవలిదమ్మా?"

ఆవపిండి రంగు చీర భుజం మీద నాలుగు వేళ్ళున్నాయి. చీర రంగులో వేళ్ళ రంగు కలిసిపోయి నా చిన్న తెరమీద నేను గమనించలేదు. ముప్పై అంగుళాలకు పెంచి, పదును పెట్టి, మంచి కాగితం మీద వేస్తే గోళ్ళలో పసుపు కూడా కనిపిస్తోంది. చూపుడు వేలి మీద నూనె చిందిన పాత మచ్చ కనిపిస్తోంది. వేళ్ళ వెనక మనిషి లేదు. అక్కడితో బొమ్మ అయిపోయింది.

"ఫోటోలో దెయ్యం దిగింది రోయ్," అన్నారు వెనక నుంచి ఎవరో. నవ్వులు.

ఆ తొమ్మిది మందికీ తెలుసు. తమ పక్కన ఎవరు నిలబడ్డారో తెలియకుండా ఎలా ఉంటుంది? ఒకరు కొంగు సర్దుకున్నారు, ఒకరు పిల్లను కేకేశారు. ఆవపిండి చీర వదిన, అంత నోరున్న మనిషి, తన బొమ్మనే చూస్తూ నిలబడింది. అందరూ నన్ను చూశారు. తీసింది నేను కాబట్టి నేనే చెప్పాలి. నేను ముసుగు గుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టాను.

"పెద్దమ్మా, నువ్వు లేవేటి ఇందులో?" అంది అధ్యక్షుడి కోడలు. ఫోటో తీసిన రోజు ఆ అమ్మాయి ఊళ్ళో లేదు, తెలియక అడిగింది.

పెద్దమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నాను పొయ్యికాడున్నాను గదమ్మా. అన్నం ఒదిలేసి ఎలాగొత్తాను?" అంది. తర్వాత నావైపు చూసి, "సక్కగొచ్చిందే పిల్లా," అంది. అంటూ మచ్చ ఉన్న చేతిని కొంగు కింద పెట్టుకుంది.

నన్ను కాపాడడానికి ఆవిడ అబద్ధం చెప్పింది. ఆ అబద్ధాన్ని నేను తీసుకున్నాను. అంతటితో ఆగినా సరిపోయేది. కార్యదర్శి మామయ్య, "కంప్యూటర్లో ఈ వేళ్ళు తుడిచెయ్యడం వస్తాదా?" అని అడిగాడు. "వస్తుంది మామయ్యా," అన్నాను. తెలిసిన ప్రశ్నకు బళ్ళో చెయ్యెత్తినట్టు అన్నాను. ఆవిడ అక్కడే ఉంది.

ఆ వారంలో నాలుగు వేళ్ళూ తుడిచాను. భుజం కింది భాగం నుంచి చీర నేత నకలు తీసి, ఒక్కో వేలి మీద పరుస్తూ వచ్చాను. చిటికెన వేలి దగ్గర మడత సరిగ్గా కలవక మూడుసార్లు చేశాను. మళ్ళీ అచ్చు వేయించాను. ఈసారి అంచులు కూడా చూసుకున్నాను. హాల్లో ఇప్పుడున్నది ఆ రెండోది. ఎంత వెతికినా అతుకు దొరకదు.

అది తగిలించిన తర్వాతే నాకు నిద్ర పట్టడం మానేసింది. అసలు బొమ్మ ఎక్కడైనా మిగిలిందేమోనని కంప్యూటరంతా గాలించాను. ల్యాబుకు వెళ్ళి అడిగాను. పాతవన్నీ చెరిపేశామని చెప్పి అతను, "వో ఆంటీ వాలా?" అన్నాడు. అతనికి గుర్తుంది. తల కొట్టేసినట్టయింది.

ఒక సాయంత్రం పెద్దమ్మ క్వార్టరుకు వెళ్ళాను. ఆవిడ చాటలో బియ్యం ఏరుకుంటోంది. తప్పు ఒప్పుకోవడానికే వెళ్ళాను, కానీ నా నోటి నుంచి వచ్చింది వేరే మాట. "పెద్దమ్మా, మీదొకటి విడిగా తీస్తాను. ఇంత పెద్దది. మీ ఇంట్లో పెట్టుకుందురు."

ఆవిడ చాట ఆపింది. "ఒక్కదాందీ అంత పెద్దదా? ఎందుకే, దండెయ్యడానికా?" అని నవ్వింది. ఆ నవ్వు తొందరగానే ఆగిపోయింది. "వద్దులే. ఆల్లతో నిలబడ్డాను, అదే సాలు. నిలబడ్డాను గదా."

చివరి మాట ప్రశ్నలా అంది. నేను ఔనన్నాను. టీ ఇచ్చింది, తాగి వచ్చేశాను. క్షమించమని అడగలేదు. ఇన్ని పుస్తకాలు చదివి, ఆ ఒక్క మాట ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు.

తర్వాతి నవమికి గానీ, ఆ పై నవమికి గానీ కెమెరా తీసుకెళ్ళలేదు. మూడో ఏడు కొత్త కార్యదర్శి వచ్చాడు. మళ్ళీ ఫోటో కావాలి, కుడి గోడ మీద పెడదాం అన్నాడు. ఇదే అవకాశం అనుకున్నాను. ఈసారి పెద్దమ్మను మధ్యలో నిలబెడతాను, ఎలాంటి ఫ్రేము వచ్చినా మధ్య మనిషి తెగదు. అందరినీ హాలు వెనక్కి పిలిచాను. తొమ్మిది మంది వరస కట్టారు. పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"రండి పెద్దమ్మా."

"పొయ్యికాడ మనిసి నేకపోతే అడుగంటిపోద్ది. మీరు దిగండి."

మూడేళ్ళ కిందట నా కోసం చెప్పిన అబద్ధం ఆవిడకు అలవాటైపోయింది. కెమెరా కనిపిస్తే ఆవిడ స్థానం పొయ్యి. అప్పటిదాకా ఆపుకున్నది ఇక ఆగలేదు. ఆ తొమ్మిది మంది ముందూ చెప్పేశాను. "పాత ఫోటోలో ఆ చెయ్యి పెద్దమ్మది. నేనే కోసేశాను. కావాలనే కోశాను. తర్వాత వేళ్ళు కూడా నేనే తుడిచాను."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆవపిండి చీర వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుంది. ఆ రోజు ఆకుపచ్చ చీరలో ఉంది.

"ఎవల సెయ్యో నాకు తెల్దేటి? నా బుజమ్మీద గదా ఉంది."

"మరెందుకు చెప్పలేదు వదినా?"

"నువ్వెందుకు సెప్పనేదో నానూ అందుకే."

పెద్దమ్మ గరిట పట్టుకునే లేచింది. ఆవిడకు కోపం రావడం నేను చూడడం అదే మొదటిసారి. "ఆ రోజు నోరిప్పనేదు. ఇయ్యాల నలుగుర్లో దాన్ని తవ్వుతావేటి? మల్లీ నన్ను నిలబెట్టి అందరి సేతా సూపిస్తావేటి? నీకు బరువు దిగిపోద్దని సెప్తన్నావు. నా బరువు నాకొదిలీ." అని మళ్ళీ కూర్చుంది.

ఆవిడన్నది నిజం. నేను ఒప్పుకున్నది కూడా నా కోసమే.

వరసలోంచి ముందు వదిన బయటికి వచ్చింది. "ఈపాలి ఒద్దులే ఫోటో, ఎండెక్కిపోతంది," అంది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే పనుల్లోకి వెళ్ళిపోయారు. కొత్త కార్యదర్శి, "అరే, క్యా హువా?" అని అడుగుతూ వాళ్ళ వెనకే వెళ్ళాడు. కెమెరాకు మూత పెట్టి సంచిలో పడేశాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియక పొయ్యి దగ్గరికే వెళ్ళాను. అన్నం గుండిగ దించే వేళైంది.

పెద్దమ్మ నావైపు చూడకుండా, "ఆ గుడ్డట్టుకో. ఉత్తి సేతుల్తో అట్టుకుంటే కాల్తాది," అంది. గుండిగకు అటు ఆవిడ, ఇటు నేను పట్టుకుని దించాం. వంచాం. అన్నం గుడ్డమీద పరిచి ఆరబెట్టాం. చింతపండు పులుసు పొయ్యమంది, పోశాను. చాలంది, ఆపాను. ఆవిడ చేత్తోనే కలిపింది, పసుపుకు వేళ్ళ నుంచి మణికట్టు దాకా పచ్చబడింది. ఉప్పు సరిపోయిందో చూడమని ఒక ముద్ద నా అరచేతిలో పెట్టింది. సరిపోయిందన్నాను. వడ్డన అయ్యేదాకా నాతో మాట్లాడుతూనే ఉంది. అన్నీ పని మాటలే.